సంతకం పెట్టే ముందు

సాలిగ్రామం, చెన్నై

నాన్నా, అమ్మ ఆశీస్సులు.

సినిమాకి సంగీతం కట్టివ్వడానికి నిన్ను సంతకం పెట్టమన్న అగ్రిమెంటు, నువ్వు వాట్సాప్‌లో పంపినది, ప్రింటు తీయించుకుని తీరిగ్గా చదివాను. డబ్బు తక్కువని నీ బాధ. నాకు దాని మీద అంత పట్టింపు లేదు. బండి అమ్మి సినిమా తీస్తున్న కుర్రాళ్ల దగ్గర డబ్బెక్కణ్ణుంచి వస్తుంది? నాకు నచ్చనిది నాలుగో పేరా. నీ సంగీతం మీద హక్కు ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా వాళ్లదేనట! ఇచ్చేది బస్సు ఛార్జీ, అడిగేది పొలం పట్టా.

డబ్బు తక్కువైతే ఇచ్చే హక్కూ తక్కువే ఉండాలి. ఫిలిం ఫెస్టివల్స్ వరకే, రెండేళ్లకే అని రాయమను. థియేటరుకో ఓటీటీకో అమ్ముడైతే ఇంకెంత ఇస్తారో ఆ అంకె కూడా ఇప్పుడే వేయించు. అమ్ముడయ్యాక అడిగితే మొహమాటాలు, అలకలు. రికార్డింగు నీ గదిలో, నీ ఖర్చుతో చేశావు గనక మాస్టర్, అంటే ఆ అసలు రికార్డింగు, నీదే, వాళ్లకి ఈ ఒక్క సినిమాలో వాడుకునే లైసెన్సు మాత్రమే అని ఉండాలి. గడువు రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ఏ దేశాలో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. వాళ్ల లాయరుకి ఆ సంగతి తెలుసు, అందుకే అన్నీ పనిగట్టుకుని రాశాడు.

వడపళనిలో నేను కోరస్‌లూ ట్రాక్‌లూ పాడే రోజుల్లో కాల్షీటు అయ్యాక వోచరు మీద సంతకం, చేతిలో కవరు, అంతే. సంగీత దర్శకుల పరిస్థితీ గొప్పగా ఏం లేదు. డబ్బిచ్చి చేయించుకున్న నిర్మాతదే హక్కని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక ఒక మేలు జరిగింది. సినిమా హాల్లో ఆడినప్పుడు తప్ప, బయట ఎక్కడ వాడినా వచ్చే రాయల్టీలో సంగీతం కట్టినవాడికి సమాన వాటా. అది నీ వారసులకో, రాయల్టీ వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ లాంటి కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వడం కుదరదు. వదులుకుంటున్నానని సంతకం పెట్టినా చెల్లదు. కాబట్టి రాయల్టీ వదులుకోమనే ఏడో పేరా కొట్టేయమని నిర్భయంగా అడుగు. ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకో. క్యూ షీట్ నువ్వే తయారుచెయ్యి: ఏ బిట్టు ఎక్కడ మొదలై ఎంతసేపు ఉంది, ఎవరు కట్టారు. అది లేకపోతే రేపు ఏ టీవీలో వేసినా ఆ డబ్బు ఎవరికివ్వాలో సొసైటీకి తెలియదు.

ఇక ఆర్ఆర్, అదే రీరికార్డింగు, సీన్ల వెనక నువ్వు కట్టిన సంగీతం సంగతి. వంటింట్లో తల్లీ కూతుళ్ల సీను చూశాను. కుక్కరు విజిల్ ఒక శ్రుతిలో కూస్తోంది, నీ తంబూరా దానికి అర స్వరం పక్కన మోగుతోంది. పళ్లు జివ్వుమన్నాయి. విజిల్ ఆగాక గ్యాస్ మంట చప్పుడు కాసేపు వినపడనిచ్చి, అప్పుడు ఎత్తుకో. తల్లి గొంతున్న స్థాయిలోనే వేణువు ఊదించావు, మాట మింగేస్తోంది. కనీసం అంతా కలిపేసిన ఒక్క ఫైలు కాకుండా, ఏ వాద్యానికి ఆ ఫైలు (స్టెమ్ అంటారు) విడిగా, 48 కిలోహెర్ట్జ్‌లో పంపు. మిక్సింగ్ అబ్బాయికి వేణువు ఒక్కటీ తగ్గించే వీలుంటుంది. టెంప్ మ్యూజిక్, అంటే ఎడిటింగ్‌లో తాత్కాలికంగా పెట్టుకున్న వేరేవాళ్ల సంగీతం, వినిపించి అచ్చం ఇలాగే కావాలంటే మాత్రం ఒప్పుకోకు. ట్యూన్ దగ్గరగా వస్తే కేసయ్యేది నీ మీద కూడా.

చివర్లో త్యాగరాజ కృతి పాత రికార్డు పెడదామంటున్నాడట మీ డైరెక్టరు. త్యాగరాజు పోయింది 1847లో, కృతి ఎవరైనా పాడుకోవచ్చు. రికార్డు అలా కాదు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు దాని హక్కు కంపెనీది. అనుమతికి తిరిగే బదులు ఎవరిచేతనైనా కొత్తగా పాడించి, సినిమాలో వాడుకోవచ్చని రాయించుకో. ఇక్కడ డిసెంబరులో మొదలయ్యే మార్గళి కచేరీల్లో మధ్యాహ్నం స్లాట్‌లో పాడే పిల్లల్లో మంచి గొంతులున్నాయి. ఎవరూ దొరక్కపోతే నేనున్నాను. తల్లిని కదా అని కాగితం మానేయకు. కాల్షీటు డబ్బు కూడా అడుగుతాను.

ఇట్లు,
అమ్మ