షార్జాతో పాటు హరారే గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ క్రీడా పేజీలో షార్జా జ్ఞాపకాల మీద వ్యాసం వేశారు. 1998 నవంబర్ ఫైనల్లో జింబాబ్వే ఫాస్ట్ బౌలర్ హెన్రీ ఒలోంగాని సచిన్ ఉతికి ఆరేసిన సంగతి. చదువుతుంటే నాకూ సంతోషమే వేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ పేపరు మడిచి పక్కన పెట్టాక మనసులో ఏదో వెలితి, ఒలోంగా అంటే మనకి ఇంతేనా అని. ఆ వెలితితోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

ఆ ఫైనల్ నాకు బాగా గుర్తు. అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మా వీధిలో కేబుల్ ఉన్నది బాబాయి వాళ్లింట్లోనే, అందుకని నవారు మంచం మీద ఆరుగురం, గుమ్మంలో ఇంకో నలుగురు. అంతకుముందు లీగ్ మ్యాచ్‌లో ఒలోంగా ఎగిరే బంతి వేసి సచిన్‌ని అవుట్ చేశాడు కాబట్టి ఆ రోజు అందరికీ వాడి మీదే కోపం. సచిన్ 92 బంతుల్లో 124 నాటౌట్, ఒలోంగా ఆరు ఓవర్లకి 50 పరుగులు ఇచ్చుకున్నాడు, మనం పది వికెట్ల తేడాతో గెలిచాం. బౌండరీ వెళ్లినప్పుడల్లా బాబాయి తొడ మీద చరిచి "ఇంకోటి కొట్టరా, ఇంకోటి" అని అరవడం, ఆ జడల కుర్రాడు తల దించుకుని బౌలింగ్ మార్కుకి తిరిగి నడుస్తుంటే మేమంతా నవ్వడం, ఇవన్నీ ఇప్పటికీ కళ్ల ముందే ఉన్నాయి. మరుసటి ఏడాది మే 19న వరల్డ్ కప్‌లో, లీస్టర్‌లో, లెక్క తిరగబడింది. సచిన్ తండ్రి పోయి ఇంటికి వెళ్లిన మ్యాచ్ అది. గెలవడానికి రెండు ఓవర్లలో 9 పరుగులు కావాలి, చేతిలో మూడు వికెట్లు ఉన్నాయి, ఒలోంగా ఒకే ఓవర్లో రాబిన్ సింగ్‌ని, శ్రీనాథ్‌ని, వెంకటేశ్ ప్రసాద్‌ని ముగ్గురినీ పడగొట్టాడు. మూడు పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ రాత్రి మేం ఒలోంగాని తిట్టని తిట్టు లేదు.

మనలో చాలామందికి ఒలోంగా అక్కడితో అయిపోయాడు. షార్జాలో దెబ్బలు తిన్నవాడు, లీస్టర్‌లో దెబ్బ కొట్టినవాడు, అంతే. 2003 ఫిబ్రవరి 10న జింబాబ్వే రాజధాని హరారేలో ఏం చేశాడో అడిగితే, నేను అడిగిన వాళ్లలో పదిమందికి ఒక్కరు కూడా చెప్పలేకపోయారు. అదే సచిన్ షార్జా స్కోరు అడగండి, బంతులతో సహా చెప్తారు.

ఒలోంగా జింబాబ్వేకి ఆడిన మొదటి నల్లజాతి క్రికెటర్. 1995లో జట్టులోకి వచ్చినప్పుడు వయసు 18. బౌలింగ్ చేయడం కాదు, బంతి విసురుతున్నాడని మొదటి టెస్టులోనే నోబాల్ ఇచ్చారు, తర్వాత బౌలింగ్ యాక్షన్ మొత్తం మార్చుకుని మళ్లీ జట్టులోకి వచ్చాడు. ఒక చిన్న దేశంలో నల్లజాతి పిల్లలందరూ గోడకి బొమ్మ అంటించుకునే స్థాయి అతనిది. ఆండీ ఫ్లవర్ గురించి మనవాళ్లకి చెప్పక్కర్లేదు, 2000లో నాగపూర్‌లో మన స్పిన్నర్లని రివర్స్ స్వీప్‌లతో ఆడుకుని 232 నాటౌట్ కొట్టిన తెల్లజాతి బ్యాట్స్‌మన్, టెస్టుల్లో 51 సగటు. అప్పటికి జింబాబ్వేలో ముగాబే ప్రభుత్వం భూములు లాక్కోవడం, ప్రతిపక్షం వాళ్లని పట్టుకుని చావబాదడం, జనానికి తిండి దొరక్కపోవడం, ఇవన్నీ జరుగుతున్నాయి. ఫ్లవర్‌ని ఒక స్నేహితుడు తీసుకెళ్లి, తన చేజారిన పొలం చూపించి, ఏమీ జరగనట్టు ఎలా ఆడతావని అడిగాడట. తను ఒక్కడే నోరు విప్పితే తెల్లవాళ్ల పొలాల గొడవ అని కొట్టిపారేస్తారని ఫ్లవర్‌కి తెలుసు. అందుకని ఒలోంగా దగ్గరికి వెళ్లాడు. ఒక తెల్లవాడు, ఒక నల్లవాడు కలిసి నిలబడాలని అనుకున్నారు.

2003 వరల్డ్ కప్‌లో జింబాబ్వే మొదటి మ్యాచ్, సొంత గడ్డ హరారేలో, నమీబియాతో. మ్యాచ్ మొదలవక ముందే ఇద్దరూ సంతకం పెట్టిన ప్రకటన విలేకరులకి ఇచ్చారు. మా ప్రియమైన జింబాబ్వేలో ప్రజాస్వామ్యం చనిపోయినందుకు సంతాపంగా నల్ల బ్యాండ్ కట్టుకుంటున్నాం, మానవ హక్కులని కాలరాయడం ఆపమని ఇది మా నిశ్శబ్ద విన్నపం, ఇదీ ప్రకటన సారం. ఆ బ్యాండ్ ఏమిటో తెలుసా? కరెంటు వైర్లకి చుట్టే నల్ల ఇన్సులేషన్ టేపు. మనం క్రికెట్ బ్యాటు పిడికి చుట్టుకునేలాంటి టేపే. దాన్నే చేతికి చుట్టుకుని ఫ్లవర్ బ్యాటింగ్‌కి దిగాడు, ఒలోంగా బాల్కనీలో కూర్చున్నాడు. నినాదాల్లేవు, మ్యాచ్ ఆపింది లేదు. జింబాబ్వే 340 కొట్టి ఆ మ్యాచ్ గెలిచింది కూడా.

ఆటలోకి రాజకీయాలు తేవద్దని మన దగ్గర ఎప్పుడూ ఒక మాట వింటుంటాం. సరే, ఆ మాటే తీసుకుందాం. అప్పుడు జింబాబ్వే క్రికెట్ బోర్డుకి పేట్రన్, అంటే గౌరవ పెద్ద, ఎవరు? స్వయానా దేశాధ్యక్షుడు ముగాబే. పాలకుడు బోర్డు పెద్దగా కూర్చుంటే అది రాజకీయం కాదట, ఆటగాడు చేతికి అంగుళం టేపు చుట్టుకుంటే రాజకీయం అయిపోయిందట. ఇది నాకు ఎన్నేళ్లు ఆలోచించినా మింగుడుపడని సంగతి. ఫ్లవర్, ఒలోంగా టేపు చుట్టుకోకముందే రాజకీయం మైదానంలో ఉంది, వాళ్లు చేసింది దాన్ని చూపించడం ఒక్కటే.

ఇక ఆ తర్వాత జరిగింది. మీ వ్యాసంలో లేనిది ఇదే, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. ఇద్దరూ ఒకే రోజు ఒకే టేపు చుట్టుకున్నారు కానీ ఇద్దరికీ పడిన బిల్లు ఒకటి కాదు.

ఫ్లవర్‌కి అప్పటికి 34 ఏళ్లు. దేశానికి ఆడటం అక్కడితో ఆగిపోయింది, సొంత ఇల్లూ ఊరూ వదులుకున్నాడు, అది చిన్న నష్టమని నేను అనను. కానీ ఇంగ్లండ్‌లో ఎసెక్స్ జట్టు ఉంది, తర్వాత 2009లో ఇంగ్లండ్‌కే కోచ్ అయ్యాడు, 2010లో టీ20 వరల్డ్ కప్, ఆస్ట్రేలియా గడ్డ మీద యాషెస్ టెస్టు సిరీస్ గెలిపించాడు. 2025లో బెంగళూరు మొదటిసారి ఐపీఎల్ కప్పు కొట్టినప్పుడు మనమంతా టీవీలో చూసిన కోచ్ ఈ ఫ్లవరే.

ఒలోంగా వయసు 26. ఫాస్ట్ బౌలర్‌కి మంచి ఏళ్లు ఇంకా మిగిలి ఉన్న వయసు. అతన్ని జట్టులోంచి తప్పించారు, హరారేలో తను ఆడే తకషింగా క్లబ్బు వెళ్లగొట్టింది. నల్ల చర్మం మీద తెల్ల ముసుగు వేసుకున్నాడని సమాచార మంత్రి జొనాథన్ మోయో అన్నాడు. ఆలోచించండి, ఆ దేశానికి ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడిని పట్టుకుని అన్నమాట అది. దేశద్రోహం కేసంటూ వారంటు వచ్చింది, అక్కడ దానికి మరణశిక్ష కూడా పడొచ్చు. వరల్డ్ కప్ రెండో దశ, సూపర్ సిక్స్ మ్యాచ్‌లు దక్షిణాఫ్రికాలో ఉండటం అతని అదృష్టం, లేకపోతే ఏమయ్యేదో. అక్కడే దాక్కుని, దాక్కున్న చోటు నుంచే రిటైర్మెంట్ ప్రకటించి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. 30 టెస్టుల్లో 68 వికెట్లు, 50 వన్డేల్లో 58 వికెట్లు, లెక్క అక్కడే ఆగిపోయింది. లాషింగ్స్ అనే ఎగ్జిబిషన్ జట్టుకి ఆడాడు, కామెంటరీ చెప్పాడు, పాటలు పాడాడు, తర్వాత ఆస్ట్రేలియాలో అడిలైడ్‌లో స్థిరపడ్డాడు. దేశం విడిచిన ఇరవై ఏళ్లకి కూడా తిరిగి ఆ నేల మీద అడుగు పెట్టలేదు. పెద్ద కోచింగ్ ఉద్యోగాలు అతన్ని వెతుక్కుంటూ రాలేదు. రికార్డు చిన్నది కదా అంటారు, నిజమే, కానీ ఆ రికార్డు పెరగాల్సిన వయసులోనే కదా ఆగిపోయింది.

2019లో ఆస్ట్రేలియా టీవీ పాటల పోటీ ద వాయిస్‌లో పాడాడు. ఆ వీడియో బాబాయికి ఫోన్లో చూపించాను. గుర్తుపట్టలేదు. పేరు చెప్తే, "ఓ, మన సచిన్ కొట్టినోడా, వీడికి ఇంత మంచి గొంతుందా" అన్నాడు. నేను హరారే సంగతంతా చెప్పాను. ఆయన వీడియో మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు. అయిపోయాక కాసేపు ఏం మాట్లాడలేదు, "మరి ఈ ముక్క మనకెవరూ చెప్పలేదేంట్రా" అన్నాడు. అప్పట్లో పేపర్లో చదివాన్నేను, ఎక్కడో లోపలి పేజీలో చిన్న వార్త. చదివి పేజీ తిప్పేశాను. మన మ్యాచ్‌లు మొదలవుతున్నాయి కదా, ఆ టెన్షన్‌లో ఉన్నాను. అదే నెల 19న మనవాళ్లు అదే హరారేలో జింబాబ్వేతో ఆడి 83 పరుగులతో గెలిచారు, ఆ మ్యాచ్ మొత్తం చూశాను కూడా. చూస్తున్నంతసేపూ ఒలోంగా ఆలోచనే రాలేదు.

ముగాబే 2017 దాకా గద్దె దిగలేదు, మరి ఆ టేపు చుట్టుకుని ఏం సాధించారు అని అడిగేవాళ్లుంటారు. ఇద్దరు క్రికెటర్లు ప్రభుత్వాన్ని పడగొట్టాలని ఎవరు ఆశించారు? వాళ్ల నోరు మూయిస్తే క్రికెట్ అయినా బాగుపడిందా అంటే అదీ లేదు. మరుసటి ఏడాదే కెప్టెన్ హీత్ స్ట్రీక్‌ని తీసేయడంతో సీనియర్లు పదిహేనుమంది దాకా బయటికి వెళ్లిపోయారు, 2006 నుంచి 2011 దాకా జింబాబ్వే టెస్టులే ఆడలేదు. మన బౌలర్లని వణికించిన జట్టు అది.

ఇది ఎక్కడో ఆఫ్రికా సంగతి, మనకెందుకు అనుకుంటే మన దగ్గరికే రండి. రియో ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన రెజ్లర్ సాక్షి మలిక్, రెజ్లింగ్ సమాఖ్య పెద్ద మీద వేధింపుల ఆరోపణలతో నిరసన చేస్తూ, 2023 మే 28న ఢిల్లీ రోడ్డు మీద పోలీసుల చేతుల్లో ఈడ్చుకుపోబడటం అందరం చూశాం, అదే ఏడాది డిసెంబర్ 21న రెజ్లింగ్ బూట్లు టేబుల్ మీద పెట్టి ఏడుస్తూ ఆట మానేసింది. మన ఆంధ్ర క్రికెటర్ హనుమ విహారి సంగతి ఇంకా దగ్గరిది. సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు నిలబడి టెస్టు కాపాడినవాడు, రంజీలో మణికట్టు విరిగితే ఎడమచేతి వాటంగా ఒంటిచేత్తో బ్యాటింగ్ చేసినవాడు. జట్టులోని ఒక రాజకీయ నాయకుడి కొడుకుని మందలించినందుకు కెప్టెన్సీ పోయిందని 2024 ఫిబ్రవరిలో బయటపెట్టాడు, ఇక ఆంధ్రకి ఆడనన్నాడు. ఆంధ్ర క్రికెట్ అసోసియేషన్ వాదన వేరు, దాని జోలికి నేను పోను. నన్ను బాధపెట్టింది కింద వచ్చిన కామెంట్లు. "ఆడుకోక నీకెందుకు" అని రాసినవాళ్లలో మన జిల్లాల కుర్రాళ్లే ఎక్కువ. అదే కుర్రాళ్లు అతని సిడ్నీ ఇన్నింగ్స్‌ని స్టేటస్ పెట్టుకున్నవాళ్లు. నొప్పి ఓర్చుకుని ఆడితే యోధుడు, నోరు తెరిస్తే పొగరుబోతు, ఇదేం న్యాయం అండీ?

ఆటగాళ్లందరూ రోజూ రాజకీయాలు మాట్లాడాలని నేను అనడం లేదు. ఇష్టం లేనివాళ్లు, భయం ఉన్నవాళ్లు మాట్లాడకపోవడం వాళ్ల హక్కు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు పెళ్లి, ఇల్లు, పాస్‌పోర్టు ఆలోచించుకుని ఊరుకుంటే తప్పు పట్టడానికి నేనెవర్ని. కానీ మాట్లాడినవాడి మీద విరుచుకుపడటం మాత్రం మానుకోవాలి. ఫ్లవర్ లాగా ఎక్కడికి వెళ్లినా బతకగల పేరున్నవాళ్లు ముందు మాట్లాడితే, ఒలోంగా లాంటి వాళ్ల మీద పడే బరువు కొంతైనా తగ్గుతుంది. మన దగ్గర కోట్లు సంపాదించిన పెద్ద ఆటగాళ్లు రెజ్లర్ల విషయంలో ఆ పని చేయలేదు, ఒకరిద్దరు తప్ప. అది చూసి సిగ్గుపడ్డాను.

మీకు నా విన్నపం ఒకటే. నవంబర్‌లో షార్జా వ్యాసం మళ్లీ వేస్తారు, వేయండి, నేనూ చదువుతాను. ఫిబ్రవరి 10న కూడా ఒక పావు పేజీ ఇవ్వండి. సచిన్ సిక్సు కొడుతుంటే ఒలోంగా వెనక్కి తిరిగి చూసే ఫోటో మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. హరారే బాల్కనీలో చేతికి నల్ల టేపుతో కూర్చున్న ఫోటో కూడా సంపాదించి దాని పక్కన వేయండి. ఆ పేజీ కత్తిరించి బాబాయికి ఇస్తాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
నరసరావుపేట