ఎకనామిక్స్‌కూ ప్రాక్టికల్స్ పెట్టండి

సంపాదకులు గారికి నమస్కారం.

పదో తరగతి ఫలితాలు రాగానే ఎవరి ఇంట్లోనైనా ఇంటర్‌లో ఎకనామిక్స్ ఉండే సీఈసీ, హెచ్ఈసీ గ్రూపుల పేరెత్తితే చాలు, ‘మార్కులు తక్కువొచ్చాయా?’ అంటారు. మా అమ్మాయి ఇష్టపడి సీఈసీలో చేరింది. ఆ చిన్నచూపు కంటే నన్ను ఎక్కువ బాధపెడుతున్నది కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే తీరు. ఆడమ్ స్మిత్ సంపద నిర్వచనం, మార్షల్ శ్రేయస్సు నిర్వచనం, రాబిన్స్ కొరత నిర్వచనం వరసగా బట్టీ. ఒకే వస్తువును వాడేకొద్దీ దాని నుంచి వచ్చే అదనపు తృప్తి తగ్గుతుందనే క్షీణోపాంత ప్రయోజన సూత్రం పట్టికతో సహా బట్టీ. గైడులో స్టార్ పెట్టిన ప్రశ్నలు చదివితే పాసైపోవచ్చు. ఆ సిద్ధాంతాలు పనికిరావని నేననను. అవి మన బతుకులో ఎక్కడ పనిచేస్తున్నాయో పిల్లలకు చూపించట్లేదు.

మాది వరంగల్ దగ్గర పల్లె, మిర్చి వేస్తాం. సంక్రాంతి దాటాక ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు పోటెత్తుతాయి. పొద్దున జెండా పాటలో, అంటే ఆ రోజు మొదటి వేలంలో, పలికిన ధరే పేపర్లో వస్తుంది. అది మేలైన సరుకుకు పలికిన ధర. ఎక్కువమంది రైతుల చేతికొచ్చేది అంతకంటే తక్కువే. తేమ ఉందని, తాలు కలిసిందని తగ్గిస్తారు. అప్పు తీర్చాల్సినవాళ్లు ఆ రోజే అమ్ముకోక తప్పదు. ఆగగలిగినవాళ్లు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం చూస్తారు. నిల్వకూ సరఫరాకూ తేడా ఏమిటో, బేరమాడే బలం ఎవరికి ఎందుకుంటుందో ఆ యార్డులో గంటసేపు నిలబడితే తెలుస్తుంది. మా అమ్మాయి సరఫరా నిర్వచనం తడుముకోకుండా చెబుతుంది. ధర పడిపోయిన రోజే మనమెందుకు అమ్ముకున్నామని అడిగితే మాత్రం పాఠంతో కలిపి చెప్పలేకపోయింది. తప్పు తనది కాదు. అలాంటి ప్రశ్న తనను ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఫిజిక్స్, కెమిస్ట్రీలకు ల్యాబ్ ఉంది. ఇంగ్లీషుకు కూడా ఇంటర్ బోర్డు 20 మార్కుల ప్రాక్టికల్స్ తెచ్చింది. ఎకనామిక్స్‌కూ అలాగే పెట్టాలి. మార్కెట్ యార్డు, రేషన్ షాపు, మహిళా సంఘం, ఉపాధి హామీ పని, వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని విద్యార్థి నలుగురితో మాట్లాడాలి, లెక్కలు రాసుకోవాలి, క్లాసులో నిలబడి చెప్పాలి. గైడు చూసి రికార్డు నింపే తంతైతే వద్దే వద్దు. రాత పరీక్షలోనూ నాలుగు వారాల టమాటా ధరలిచ్చి, ఎందుకు అలా మారాయో రాయమనే ప్రశ్న ఒక్కటైనా ఉండాలి.

ఇది సీఈసీ పిల్లల సంగతి మాత్రమే కాదు. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షలో ఎకానమీకి 150 మార్కుల పేపరుంది. బీటెక్ చేసినవాళ్లు కూడా హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో వేలకు వేలు ఫీజులు కట్టి ద్రవ్యోల్బణం అంటే ఏమిటో మొదటి నుంచి నేర్చుకుంటున్నారు. ఫోన్లో రెండు నిమిషాల్లో లోన్ యాప్ అప్పు దొరికే ఈ రోజుల్లో, వడ్డీ లెక్క తెలియకుండా ఏ గ్రూపు విద్యార్థీ ఇంటర్ దాటకూడదు. బోర్డు అధికారులు సిలబస్ మార్చేటప్పుడు లెక్చరర్లతో పాటు మాలాంటి తల్లిదండ్రులనూ పిలిచి మాట్లాడాలని కోరుతున్నాను.

– ఒక విద్యార్థిని తండ్రి, వరంగల్ జిల్లా