సౌత్‌పా కుర్రాడు నన్ను ఓ ఆట ఆడుకున్న సాయంత్రం

విశాఖపట్నం,
ఆదివారం.

ప్రియ మిత్రమా,

మొన్న ఫోనులో "సాధన ఎలా సాగుతోంది?" అని నువ్వు అడిగినప్పుడు "ఫరవాలేదు" అని మాట దాటవేశాను. నిజానికి అప్పటికి నేను గ్లవ్స్ అటక మీద పడేసి, ఇక రింగు ముఖం చూడకూడదన్నంత విసుగులో ఉన్నాను. ఫోనులో చెబితే నువ్వు నవ్వేసి ఊరుకుంటావు కనుక తీరికగా రాస్తున్నాను. పైగా నువ్వు ఎడమచేతివాటం బాక్సరువి కావడం వల్ల ఈ విషయంలో నీతో నాకు పని కూడా ఉంది.

గాజువాక వైపు నుంచి కొత్తగా వచ్చి చేరిన ఒక ఇంటర్మీడియట్ కుర్రాడితో కోచ్ గారు నన్ను స్పారింగుకు, అంటే సాధన కోసం ఆడే పోరుకు దింపారు. మూడేసి నిమిషాల చొప్పున మూడు రౌండ్లు, మధ్యలో నిమిషం విరామం, అంటే అచ్చంగా పోటీలో ఉండే లెక్కే. ఆ కుర్రాడు నీలాగే సౌత్‌పా, అంటే కుడికాలు, కుడిచేయి ముందుంచి నిలబడే ఎడమచేతివాటం బాక్సరు. నేను జాబ్, అంటే ముందుచేతితో చటుక్కున విసిరే పంచ్, వేసిన ప్రతిసారీ అది అతని కుడి గ్లవ్‌కు తగిలి ఆగిపోయింది, నా ముందుకాలు అతని ముందుకాలికి అడ్డుపడింది, అతని ఎడమచేతి స్ట్రెయిట్, అంటే వెనుకచేతితో నేరుగా వేసే పంచ్ మాత్రం ఎటు నుంచి వస్తోందో తెలిసేలోపే ముక్కు మీద వాలింది. రెండో రౌండు సగానికి వచ్చేసరికి నా చేతులు ఇసుక సంచుల్లా వేలాడాయి. దెబ్బల సంగతి అటుంచు, అంతా అయ్యాక ఆ పిల్లవాడు దగ్గరకు వచ్చి "అన్నా, గట్టిగా తగిలిందా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు చూడు, ఆ ప్రశ్న తగిలినంత గట్టిగా ఏ పంచూ తగల్లేదు.

ఆ రాత్రి బీచ్ రోడ్డులో గోడ మీద కూర్చుని, ముప్పై దాటిన ఉద్యోగస్థుడికి ఈ బాక్సింగు ఎందుకని నన్ను నేనే నిలదీసుకున్నాను. చేతిలో ఉన్న మురీ మిక్చరు కూడా సహించలేదంటే నా స్థితి నీకు అర్థమవుతుంది. మనసు కొంత కుదుటపడ్డాక ఆలోచిస్తే, ఒకదానితో ఒకటి సంబంధం లేని కొన్ని సంగతులను కలగలిపి, మొత్తానికి "నాకు చేతకాదు" అని పేరు పెట్టుకున్నానని తెలిసింది.

ముందుగా తల సంగతి చూసుకున్నాను. స్పారింగులో హెడ్‌గార్డు ఉంటుంది, పదహారు ఔన్సుల గ్లవ్స్ ఉంటాయి కాబట్టి భయం లేదని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. హెడ్‌గార్డు చర్మం చిట్లకుండా కాపాడుతుందే గాని, లోపల మెదడు కుదుపుకు గురికాకుండా ఆపలేదు. తలనొప్పి తగ్గకపోయినా, తల తిరిగినా, వాంతి వచ్చినా, వెలుతురు చూడలేకపోయినా అది నిరుత్సాహం కాదు, డాక్టరుకు చూపించుకోవలసిన విషయం. ఆయన సరేననే వరకు రింగుకు దూరంగా ఉండవలసిందే. నాకు అవేవీ లేవు, అభిమానం మాత్రమే దెబ్బతింది.

తరువాత ఒంటి సంగతి. ఆ వారమంతా నాది రాత్రి షిఫ్టు, పగటి నిద్ర అంతంతమాత్రం. మన ఊరి ఉక్కపోత నీకు కొత్త కాదు. సముద్రపు గాలిలోని తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. శరీర బరువులో రెండు శాతం మేరకు నీరు పోతేనే ఓర్పు తగ్గుతుందని క్రీడావైద్యులు చెబుతారు, అంటే నా బోటి అరవై అయిదు కిలోల మనిషికి కిలో పైచిలుకు చెమట చాలు. దీనికి తోడు ఆ కుర్రాడి వేగం చూసి బిగుసుకుపోయి, పంచ్ వేసేటప్పుడు ఊపిరి వదలవలసింది పోయి బిగబట్టేశాను. భుజాలు బిగిసి, ఊపిరి అందక, మొదటి రౌండులోనే సగం బలం వృథా అయిపోయింది. నిద్ర చాలని మనిషి ఆ స్థితిలో తన ప్రతిభ గురించి తానే తీర్పు ఇచ్చుకుంటే ఆ తీర్పు ఏపాటిదో నువ్వే చెప్పు.

ఇక మిగిలింది అసలైన లోపం, అది కాలి దగ్గర ఉంది. మర్నాడు కోచ్ గారు అడిగింది ఒక్కటే: "నీ ఎడమకాలు ఎక్కడుందో చూసుకున్నావా?" సౌత్‌పాతో ఆడేటప్పుడు మన ఎడమకాలు అతని కుడికాలికి బయటివైపు ఉండాలి, మనం మన ఎడమవైపుకే తిరగాలి, అప్పుడే అతని ఎడమచేయి మనకు దూరమవుతుంది, మన కుడిచేతి స్ట్రెయిట్‌కు దారి దొరుకుతుంది. నేను అలవాటు కొద్దీ కుడివైపుకు తిరుగుతూ, అతని ఎడమచేతికి ఎదురు వెళ్ళి మరీ తిన్నాను. ఇది విన్నాక నాకు సిగ్గు కంటే ఊరటే ఎక్కువ కలిగింది, ఎందుకంటే "చేతకాదు" అనే మాటకు మందు లేదు గాని, కాలు తప్పు చోట ఉందంటే దానికి చేయవలసిన పని ఉంది.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ గుర్తుకు వచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో న్యూఢిల్లీలోనూ ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5 తేడాతో ఓడిపోయింది. అయిదుగురు న్యాయనిర్ణేతల్లో ఒక్కరు కూడా ఆమె వైపు మొగ్గలేదు. తరువాత ఆ బరువు విభాగంలో స్వర్ణం గెలిచింది ఆ వూ యూయే. నన్ను నేను నిఖత్‌తో పోల్చుకునేంత వెర్రివాణ్ణి కాను. ఓటమిలో ఎదుటి మనిషి వాటా కూడా ఉంటుందన్న సంగతి మాత్రం ఆ రాత్రి నా లెక్కలోకి రాలేదు. ఆ కుర్రాడు నిజంగానే బాగా ఆడాడు!

నా దిగులు కనిపెట్టి ఒక సహోద్యోగి ఉత్సాహం కలిగించే వీడియోలు వరసగా పంపాడు. వాటిలో అందరూ అరుస్తారే తప్ప కాలు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. వాటికంటే నాకు పనికివచ్చింది, తరువాతి సాధనకు వెళ్ళి స్కిప్పింగు, ఎదుట ఎవరూ లేకుండా గాలిలో పంచ్‌లు వేసే షాడో బాక్సింగు మాత్రమే చేసి, ఎవరితోనూ తలపడకుండా ఇంటికి రావడం. ఆ తరువాత నేనే కోచ్ గారిని అడిగి, ఆ కుర్రాడితోనే మెల్లగా, బలం వాడకుండా, జాబ్, కుడి స్ట్రెయిట్ తప్ప మరే పంచూ లేకుండా కొన్ని రౌండ్లు ఆడే ఏర్పాటు చేయించుకున్నాను. ఇప్పటికీ అతనిదే పైచేయి, కాని కాళ్ళు తగులుకోవడం తగ్గింది.

ఇక నీతో పని. కుడిచేతివాటం వాళ్ళతో ఆడేటప్పుడు నీకు అన్నిటికంటే చిరాకు కలిగించేది ఏమిటి? జాబ్ లేకుండా నేరుగా వచ్చే కుడిచేతి పంచా, నీ ముందుచేతిని పదేపదే కిందికి తట్టడమా, లేక బయటివైపు కాలు తీసుకోనివ్వకపోవడమా? మొహమాటపడకుండా వివరంగా రాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు నీ గ్లవ్స్ మరచిపోకు. అమ్మగారికి, నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ మిత్రుడు