బుడగ కనబడగానే హెడ్ దించకండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయంటే మీ జిల్లా పేజీలో ఒక వార్త తప్పకుండా ఉంటుంది. ఘాట్‌లో లారీ నిలిచిపోయింది, ట్రాఫిక్ ఆగింది, ప్రయాణికులు అవస్థలు పడ్డారు. చివర్లో ఒక వాక్యం కలుపుతారు, కాలం చెల్లిన బండ్లనీ మోతాదు మించిన లోడనీ. ఆ రెండూ నిజమయ్యే సందర్భాలున్నాయి, కాదనను. కానీ ఆ లారీ ఎందుకు వేడెక్కిందో, తర్వాత దాని యజమాని ఎంత ఖర్చు పెట్టాడో, అందులో ఎంత దండగో ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం.

మాది నంద్యాల. ఉన్నది ఒకటే బండి, పది టైర్ల పాత 2518 మోడల్ లారీ, బీఎస్-3 కాలుష్య నిబంధనల కాలంది. మా ఆయన తోలుతారు. బేతంచెర్ల బండలు ఎక్కించుకుని గాజులపల్లె, గిద్దలూరు మీదుగా గుంటూరు, విజయవాడ వైపు పోతుంటారు. నేను స్టీరింగ్ పట్టను గానీ కిరాయి, డీజిలు, టైర్లు, ఫైనాన్సు కంతులు, రిపేర్లు రాసే పుస్తకం నాది. మా నాన్న ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. అన్నం తింటూ కూడా ఇంజిన్ల గురించే మాట్లాడే మనిషి. ఆయన మాటలు విని విని నాకూ కొంత అబ్బింది. బండి దారిలో మొరాయిస్తే మా ఆయన మేస్త్రికంటే ముందు నాకే ఫోన్ చేస్తారు.

పోయిన ఎండాకాలం లోడుతో నల్లమల ఎక్కుతుంటే ఇంజిన్ వేడి చూపే మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. ఎట్లాగో దిగువమెట్ట వైపు దిగి, చల్లారాక చూసుకుంటే రేడియేటర్లో సగం నీళ్లు లేవు. ఎక్కడా కారిన జాడ లేదు. నీళ్లు నింపి స్టార్ట్ చేసి చూశారు. మా అన్న కొడుకే క్లీనర్. వాడు ఫోన్లో, "అత్తా, రేడియేటర్లో అన్నం ఉడికినట్టు బుడగలొస్తున్నాయి" అన్నాడు. అక్కడి మేస్త్రి చూసి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందని, హెడ్ దించి ఫేసింగ్, అంటే దాని అడుగు చదును, చేయించాలని చెప్పాడు. గ్యాస్కెట్ సెట్టు, ఫేసింగు, లేబరు, కొత్త ఆయిలు అన్నీ కలిపి ముప్పై, నలభై వేల మాట. పైగా బండి నాలుగైదు రోజులు కదలదు.

ఆ మేస్త్రి మోసగాడు కాదు. బుడగలు చూస్తే ఎవరైనా ముందు అనే మాట అదే. సిలిండర్లో మండిన గ్యాసు గ్యాస్కెట్ దాటి నీళ్లలోకి వస్తే బుడగలే వస్తాయి. కానీ ఎయిర్ బ్రేకులున్న లారీలో నీళ్లలోకి గాలి రావడానికి రెండో దారి ఒకటుంది. బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ హెడ్డును కూడా చాలా బండ్లలో ఇంజిన్ నీళ్లే చల్లబరుస్తాయి. ఆ చిన్న హెడ్డు గ్యాస్కెట్ పోయినా, హెడ్డుకు చీలిక వచ్చినా, ట్యాంకుకు పోవాల్సిన గాలి నీళ్లలోకి దూరుతుంది. ఆ ఒత్తిడికి రేడియేటర్ నీళ్లు ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి బయటికి పోతాయి. నీళ్లు తగ్గి, గాలి పట్టి, ఘాట్ ఎక్కేసరికి ఇంజిన్ హీటెక్కుతుంది. బయటి నుంచి చూస్తే లక్షణాలన్నీ హెడ్ గ్యాస్కెట్‌వే.

తేడా తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. తెల్లవారి ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, నీళ్లు మెడ దాకా నింపి, ఎయిర్ ట్యాంకుల్లో గాలి వదిలేసి స్టార్ట్ చేయమన్నాను. ఒకరు గాలి మీటరు చూడాలి, ఒకరు రేడియేటర్ మెడ చూడాలి. గాలి ఎక్కుతున్నంతసేపూ బుడగలు వచ్చాయి. గాలి ఒత్తిడి ఎనిమిది కేజీల దగ్గర వాల్వు తుస్సుమని గాలి వదిలింది, కంప్రెసర్ మీద బరువు తగ్గింది, బుడగలు ఆగిపోయాయి. బ్రేకు పదేపదే తొక్కి గాలి దించమన్నాను. మళ్లీ గాలి ఎక్కడం మొదలవగానే బుడగలూ మొదలయ్యాయి. ఇంకా అనుమానం ఉంటే కంప్రెసర్‌కు పోయే, వచ్చే నీళ్ల పైపులు రెండూ విప్పి ఒకదానికొకటి కలిపేసి, ఐడిలింగ్‌లో కాసేపు చూస్తే ఖాయమైపోతుంది. అదీ చేశారు, ఒక్క బుడగ లేదు. కంప్రెసర్ గ్యాస్కెట్టు, లేబరు కలిపి నాలుగంకెల్లోనే తేలిపోయింది.

గాలి నిండినా నిండకపోయినా బుడగలు ఆగకుండా, యాక్సిలరేటర్ తొక్కే కొద్దీ ఎక్కువవుతుంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే రేడియేటర్ పై పైపు రాయిలా బిగుసుకుంటుంటే, తెల్లపొగ వస్తుంటే, ఆయిలు పాలరంగుకు తిరిగితే అప్పుడు హెడ్ దించక తప్పదు. దించొద్దని నేననడం లేదు, ముందు చూడాల్సినవి చూసి దించమంటున్నాను.

మా నాన్న పద్ధతిలో మొదటి పరీక్ష పానాతో కాదు, ప్రశ్నతో. బండి ఎప్పుడు వేడెక్కుతోంది? ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు హీటెక్కి, రోడ్డు మీద పోతుంటే తగ్గితే ఫ్యాన్ వైపు చూడాలి. బెల్టు వదులైందా, వేడెక్కితే పట్టు బిగించుకునే విస్కస్ ఫ్యాన్ ఉన్న బండైతే ఇంజిన్ వేడి మీద ఆపిన వెంటనే ఫ్యాన్‌ను చేత్తో తిప్పితే కాస్త బరువుగా తిరుగుతోందా, లేక గాలిపటం చక్రంలా అడ్డూ ఆపూ లేకుండా తిరుగుతోందా అని. (చెయ్యి పెట్టే ముందు తాళం చెవి జేబులో వేసుకోవాలి, క్లీనర్ కుర్రాళ్లకు ఇది నూరుసార్లు చెప్పినా తక్కువే.) నిలబడినప్పుడు బాగానే ఉండి, లోడుతో ఎక్కేటప్పుడే హీటయితే ముందు రేడియేటర్‌ను అనుమానించాలి, బయట దుమ్మో లోపల పాచో పట్టి ఉండొచ్చు. నీళ్లు తగ్గుతున్నాయా లేదా అన్నది ఇంకో ప్రశ్న. తగ్గుతుంటే రాత్రి బండి కింద అట్టముక్క పరిస్తే పొద్దునకు చుక్క ఎక్కడ పడిందో తెలుస్తుంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ చెమ్మ కనబడితే లోపలి సీలు పోతున్నట్టే.

తర్వాత రేడియేటర్ మూత. రెండు మూడొందల వస్తువని ఎవరూ పట్టించుకోరు. ఒత్తిడి లేకుంటే నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. మూత సగం కేజీ ఒత్తిడి పట్టి ఉంచినా 110 దాకా మరగవు, ఒక కేజీ పట్టి ఉంచితే 120 దాకా ఆగుతాయి. లోపలి రబ్బరు చిట్లినా, స్ప్రింగు మెత్తబడినా ఆ లాభమంతా పోయి, మంచి ఇంజిన్ కూడా ఘాట్‌లో నీళ్లు కక్కుతుంది. పాత మూత మీద ఉన్న అంకే ఉన్న కొత్త మూత కొనాలి. సైజు పట్టిందని దొరికింది బిగిస్తే లాభం లేదు.

మా బండలబండ్లకు పొడి ఒక శాపం. రేడియేటర్ ముందు, ఇంజిన్లోకి పోయే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉంటుంది. ముందు నుంచి చూస్తే అద్దంలా కనబడుతుంది, చెత్తంతా ఆ రెండింటి మధ్య కూర్చుంటుంది. రాత్రి ఫ్యాన్ వైపు నుంచి టార్చి కొట్టి ముందు నుంచి చూస్తే వెలుగు ఎక్కడెక్కడ రావడం లేదో తెలిసిపోతుంది. కడిగేటప్పుడు నీళ్లు లోపలి నుంచి బయటికి కొట్టాలి. వాటర్ సర్వీసు వాళ్ల గన్ను దగ్గరగా పెట్టి కొడితే రేకులు వంగి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా దూరం నుంచి వేడి చూపించే గన్ను దొరుకుతుంది. నా పుస్తకంలో అంతకంటే లాభమిచ్చిన ఖర్చు లేదు. మొదట మీటరు నిజం చెబుతోందో లేదో చూడొచ్చు. సెన్సరు పోయి ముల్లు అబద్ధమాడితే, బాగున్న ఇంజిన్‌కు వైద్యం చేయించిన వాళ్లను చూశాను. తర్వాత రేడియేటర్ మీద అడ్డంగా, నిలువుగా చూస్తూ పోతే, చుట్టూ వేడిగా ఉండి మధ్యలో ఎక్కడైనా చల్లగా చూపిస్తే అక్కడి గొట్టాలు మూసుకుపోయినట్టు. మెరిసే లోహం మీద గన్ను తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొట్టాలి.

ఇక థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే వాల్వు. దీని గురించి కాస్త కోపంగా రాస్తే మన్నించండి. మన వేడి ప్రాంతానికి అది అక్కర్లేదని పీకి పారేసే మేస్త్రిలు ప్రతి ఊళ్లో ఉన్నారు. చాలా ఇంజిన్లలో అది తెరుచుకుంటూనే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొన్ని నీళ్లు రేడియేటర్ ముఖం చూడకుండానే తిరిగి ఇంజిన్లోకి పోతాయి. ఘాట్‌లో హీటు ఎక్కువవుతుంది. చదునైన రోడ్డు మీద, చలికాలంలో ఇంజిన్ కావలసినంత వేడెక్కక డీజిలు ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. అది పనిచేస్తుందో లేదో చూడటానికి వంటింటి గిన్నె చాలు. దారం కట్టి నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి వేడి చేయాలి. మీద ముద్రించిన అంకె, మా బండికి 82 డిగ్రీలు, దాని దగ్గర తెరుచుకోవడం మొదలుపెట్టి, ఇంకో పది పన్నెండు డిగ్రీలకు పూర్తిగా తెరుచుకుంటే అది మంచిదే. గిన్నె అడుగు తగలనివ్వకూడదు. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకూడదని మా ఆయనకు వేరే చెప్పాల్సి వచ్చింది.

నీళ్ల సంగతి అన్నిటికంటే పెద్దది. మా వైపు బోరు నీళ్లు ఎంత ఉప్పనో ఇంట్లో గిన్నెల అడుగున తెల్లపెచ్చు చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు. అదే పెచ్చు ఇంజిన్ లోపలా కడుతుంది. ఇనుముకూ నీళ్లకూ మధ్య ఆ పొర ఉంటే వేడి బయటికి రాదు, గొట్టాల్లో కమ్మి దూర్చి శుభ్రం చేసే రాడింగ్ చేయించినా రేడియేటర్ శుభ్రపడుతుంది గానీ బ్లాకు లోపలిది అట్లాగే ఉంటుంది. బోరు నీళ్లకు బదులు పోయాల్సిన కూలెంటు ఖరీదే, ఇరవై లీటర్లకు తక్కువ పట్టదు, ఒప్పుకుంటాను. చిక్కటి కూలెంటు కొని, బ్యాటరీ నీళ్లు కలుపుకుంటే రెడీమేడ్ కంటే తక్కువలో పోతుంది. దారిలో కలపాల్సి వస్తే బోరు కంటే ఆర్వో ప్లాంటు క్యాను నయం. కారుతున్న రేడియేటర్లో పసుపు పొడి పోసే అలవాటు మాత్రం మానుకోవాలి. చిల్లు మూసుకోవచ్చు, దాంతోపాటు సన్నగొట్టాలూ మూసుకుంటాయి.

కొత్త బండ్ల వాళ్లకు ఒక్క మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలా వాటికి ఈజీఆర్ కూలర్, అంటే తిరిగి ఇంజిన్లోకి పంపే పొగను నీళ్లతో చల్లబరిచే భాగం, ఉంటుంది. చుక్క కారకుండా నీళ్లు మాయమవుతుంటే హెడ్డు మీద పడే ముందు దాన్ని పరీక్ష చేయించండి.

ఇప్పుడు నా విన్నపాలు. రోడ్డు భద్రతా మాసంలో డ్రైవర్లకు కంటి పరీక్షలు చేస్తున్నారు, సంతోషం. దాంతోపాటు ఒక గంట, వేడెక్కిన ఇంజిన్ దగ్గర ఏం చేయాలో చూపించండి. మూత వెంటనే తీసి మొహాలు, చేతులు కాల్చుకున్న కుర్రాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కాగిన ఇంజిన్లో చల్లనీళ్లు గుమ్మరిస్తే హెడ్డు చీలుతుందని తెలియని వాళ్లూ ఉన్నారు. లారీ యజమానుల సంఘాలు నీళ్లు ఎక్కడ కారుతున్నాయో పట్టించే రేడియేటర్ ప్రెషర్ టెస్టర్ ఒకటి కొని ఆఫీసులో పెట్టాలి. చేతి పంపు, మీటరు ఉన్న చిన్న పెట్టె అది. ఒక్కో యజమాని కొనుక్కోలేడు, సంఘానికి భారం కాదు, రోజుకు వందో యాభయ్యో అద్దె తీసుకున్నా ఫర్వాలేదు. గాజులపల్లె వైపు ఎక్కుడు మొదలయ్యే చోట బండ్లు పక్కకు తీసి నిలుపుకునేంత జాగా, ఒక మంచినీళ్ల ట్యాంకు ఉంటే ఘాట్ మధ్యలో నిలిచిపోయే లారీలు తగ్గుతాయి. తనిఖీ కూడా ఆ జాగాలోనే పెట్టుకోమనండి. ఎక్కుడు మధ్యలో ఆపితే లోడు బండి మళ్లీ ఫస్టు గేరులో కదలాలి, హీటెక్కేది అక్కడే.

మీకు చోటు తక్కువైతే నా ఉత్తరంలో మిగతాదంతా తీసేసినా కంప్రెసర్ పరీక్ష పేరా ఒక్కటి వేయండి. మార్చిలో వేస్తే మేలు. మే నాటికి మా ఊళ్లో 44, 45 డిగ్రీలు, పేపరు చదివే తీరిక ఎవరికీ ఉండదు.

ఇట్లు,
ఒక లారీ యజమానురాలు,
నంద్యాల.