టెంట్ ఎక్కడ వేసుకోవచ్చో మ్యాప్‌లో చూపించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ వీకెండ్ పేజీలో బెంగళూరు చుట్టుపక్కల టెంట్ వేసుకునే చోట్లు అని ఫోటోలతో సహా వేసినారు. ఫోటోలు బాగున్నాయి కానీ అందులో ఏది రిజర్వ్ ఫారెస్టో, ఏది రెవెన్యూ భూమో, ఏది ఎవరి పట్టా పొలమో ఒక్క దానికీ రాయలేదు. చదివి బయల్దేరే పిల్లలకి ముందు తెలియాల్సిందే అది. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగైనా వేస్తారని ఆశ.

శుక్రవారం రాత్రి బెంగళూరులో టిన్ ఫ్యాక్టరీ బస్టాప్ దగ్గర చూడండి, బ్యాగులు తగిలించుకుని, వాటికి చుట్టిన మ్యాట్లు కట్టుకుని టెంపో ట్రావెలర్ కోసం గుంపులు గుంపులుగా నిలబడి ఉంటారు. వాళ్ళల్లో మన తెలుగు పిల్లలు చాలామంది, అనంతపురం, కడప, నెల్లూరు, గుంటూరు నుంచి వచ్చి వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి పీజీల్లో ఉండేవాళ్ళు. వారమంతా స్క్రీన్ ముందు కూర్చుని రెండు రోజులు కొండగాలి కావాలనుకోవడంలో తప్పేమీ లేదు, నాకూ అదే ఇష్టం. కానీ వీళ్ళు చూసే వీడియోలు ఎక్కువ అమెరికావి. కారేసుకుని మట్టిరోడ్డు మీద అడవి లోపలికి పోతారు, మనిషి కనపడని చోట టెంట్ వేస్తారు, డబ్బు కట్టేది లేదు, ఎవరూ అడిగేది లేదు. అడవి అంటే ఎక్కడైనా ఇంతేలే అనుకుంటారు మనవాళ్ళు, ఆ టెంట్ వెనకాల ఎంత ఏర్పాటు ఉందో వీడియోలో చూపించరు.

మా తమ్ముడు సియాటెల్ దగ్గర ఉంటాడు. వాడి దగ్గరికి పోయినప్పుడు కాస్కేడ్ కొండల తూర్పు వైపు ఒక నేషనల్ ఫారెస్ట్‌లో ఇట్లాంటి చోట ఉన్నాం కాబట్టి చూసింది చెప్తున్నా. అక్కడ నేషనల్ పార్క్ వేరు, నేషనల్ ఫారెస్ట్ వేరు. నేషనల్ ఫారెస్టులు ఫారెస్ట్ సర్వీస్ కింద ఉంటాయి, దేశం మొత్తం కలిపి 19 కోట్ల ఎకరాలకి పైనే. అందులో చాలా భాగంలో క్యాంప్‌గ్రౌండ్ కాని చోట కూడా టెంట్ వేసుకోనిస్తారు, మామూలుగా 14 రోజులు, ఆ తర్వాత అక్కడి నుంచి కదలాల్సిందే. బాత్రూమ్ ఉండదు, కొళాయి ఉండదు, చెత్తడబ్బా ఉండదు, మనం తెచ్చింది మనమే తీసుకుపోవాలి.

ఎక్కడ వేయాలో మనిష్టమా అంటే కాదు. ప్రతి ఫారెస్ట్ వాళ్ళు ఏ బండి ఏ రోడ్డు మీద పోవచ్చో చూపించే మ్యాప్ ఒకటి ఫ్రీగా ఇస్తారు. చూడ్డానికి ఏమీ ఉండదు, నలుపు తెలుపు కాగితం, సన్న గీతలు, గీతల పక్కన రోడ్డు నంబర్లు. కొన్ని గీతల పక్కన మాత్రం చిన్న చిన్న చుక్కలు వరసగా ఉంటాయి. చుక్కలుంటే ఆ రోడ్డు దిగి ఇంత దూరం వరకు బండి తీసుకుపోయి క్యాంప్ చేయొచ్చని, ఆ దూరం ఎంతో పక్కన పట్టికలో ఉంటుంది. మా తమ్ముడు ఆ చుక్కల రోడ్లని సాటిలైట్ ఫోటోలో పెట్టుకుని రోడ్డు ముగిసేచోట చదునుగా, చెట్లు పల్చగా ఉన్న జాగాలు ఏరి పెట్టుకున్నాడు, ఒకటి దొరక్కపోతే ఇంకోటి ఉండాలని. సిగ్నల్ ఉండదని మ్యాప్ ఫోన్‌లోకి ముందే దించుకున్నాడు. ఆ తర్వాత రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి రోడ్డు తెరిచి ఉందా, మంటల మీద నిషేధం ఏమైనా ఉందా అని అడిగినాడు. నాకు బాగా నచ్చింది ఈ ఫోనే, అటువైపు ఆమె ఎంతో ఓపిగ్గా, ఆ రోడ్డు వద్దు వానకి కోసుకుపోయింది, దాని పైదానికి పోండి అని చెప్పింది.

వెలుతురు ఉండగానే చేరుకోవాలి, చీకట్లో చోటు వెతికితే ఏదో ఒకటిలే అనిపిస్తుంది, ప్రమాదం అక్కడే. ఇంతకుముందు ఎవరో ఉండి గట్టిపడిన నేల, రాళ్ళు గుండ్రంగా పేర్చిన పాత పొయ్యి ఉంటే అక్కడే వేస్తారు, కొత్తగా గడ్డి తొక్కరు. నీళ్ళకి 200 అడుగులు ఎడంగా ఉండాలి. తల ఎత్తి చూడాలి, ఎండిపోయిన చెట్టు గానీ విరిగి వేలాడే కొమ్మ గానీ ఉంటే దాని కింద పడుకోకూడదు. ఎలుగుబంట్లు తిరిగే చోట తిండి టెంట్‌లో పెట్టరు, మూత బిగుసుకునే డబ్బాలో పెట్టి దూరంగా ఉంచుతారు. దొడ్డికి పోవాలంటే నీళ్ళకి దూరంగా 6 నుంచి 8 అంగుళాల గుంట తీసి మళ్ళీ పూడ్చాలి. పొద్దున బయల్దేరే ముందు మా తమ్ముడు పొయ్యిలో నీళ్ళు పోసి పారతో కలిపి, బూడిదలో చెయ్యి పెట్టి తడిమి చూసినాడు. ఒక మూల ఇంకా వెచ్చగా తగిలింది. మళ్ళీ వాగు దాకా పోయి క్యాన్ నింపుకొచ్చి పోసి, మళ్ళీ కలిపి, చెయ్యి పెట్టి చల్లగా ఉందనుకున్నాకే కారెక్కినాడు. అంతసేపూ పిల్లలు కార్లో హారన్ కొడతా ఉన్నారు, వాడు పట్టించుకోలేదు.

ఇక మన దగ్గరికి వస్తాను. 1927 నాటి అటవీ చట్టంలోనే రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా అడుగుపెట్టడం, నిప్పు రాజేయడం నేరం అని ఉంది, సాంక్చురీల్లోకి పోవాలంటే 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పర్మిట్ కావాలి. చెన్నై పిల్లలు ఎక్కువ పోయే నాగలాపురం కొండలు ఉన్నది ఆంధ్రాలో, అనుమతి ఇవ్వాల్సింది ఆంధ్రా ఫారెస్ట్ వాళ్ళు, పైగా ఆ వైపు కొండల్లో ఎర్రచందనం దొంగల కోసం రాత్రిళ్ళు గస్తీ తిరుగుతా ఉంటారు, అట్లాంటి చోట అర్ధరాత్రి టార్చిలైట్లు వేసుకుని తిరిగితే ఏమవుతుందో ఆలోచించండి. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో మంటలకి 20 మందికి పైగా ట్రెక్కర్లు చనిపోయినారు, వాళ్ళల్లో చెన్నై నుంచి పోయిన ఆడపిల్లలు ఉన్నారు. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా పడమటి కనుమల్లో గడ్డి అంతా ఎండి ఉంటుంది, అప్పుడు క్యాంప్‌ఫైర్ అని పోస్టర్ వేసి టికెట్లు అమ్మేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండిపోతుంది.

నీళ్ళ సంగతీ అంతే. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయినారు. రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటా ఉన్నారు, పైన డ్యామ్ నుంచి నీళ్ళు వదిలినారు. మా మేనమామ మదనపల్లి వైపు, గొర్రెల మంద తోలుకుని నెలల తరబడి బయట పడుకున్న మనిషి. వంకలో ఇసుక మెత్తగా ఉంది కదా అని పడక వేయొద్దమ్మా, ఎక్కడో పైన కొండలో వాన పడితే నీకు తెలిసేసరికి నీళ్ళు మెడకి వస్తాయి అంటాడు. మంద ఆపే ముందు ఆయన చోటంతా ఒక చుట్టు తిరిగి వస్తాడు, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయో వాలు చూస్తాడు, చీమల పుట్టలు చూస్తాడు, దారిలో ఏనుగు లద్దె పచ్చిగా కనపడిందంటే పొద్దు కుంకినా సరే ఇంకో మైలు నడుస్తాడు గానీ అక్కడ ఆగడు. అమెరికా వాళ్ళ 200 అడుగుల లెక్క మన కనకపుర, సకలేశపుర వైపు అస్సలు సరిపోదు, చీకటి పడినాక ఏనుగులు నీళ్ళకి దిగే దారి అది, ఏనుగుకి మీ డబ్బా మూత ఒక లెక్కా. 2021 జనవరిలో వయనాడ్‌లో మేప్పాడి దగ్గర ఒక రిసార్ట్ టెంట్లలో ఉన్న యువతి ఏనుగు దాడిలో చనిపోయింది. డబ్బు కట్టి దిగిన చోటే అట్లా అయింది.

అట్లాగని అన్నీ మూసేయమని నేను అడగడం లేదు. 2024 జనవరిలో కర్ణాటకలోని కుమారపర్వత కొండ దగ్గర జనం తిరణాల లాగా ఎక్కేసరికి కర్ణాటక ప్రభుత్వం ఆన్‌లైన్ బుకింగ్ లేని ట్రెక్కులు ఆపేసింది, ఆ తర్వాత వెబ్‌సైట్‌లో టికెట్లు ఇస్తున్నారు. అదే ఏడాది తమిళనాడు వాళ్ళు 40 దారులు ఎంచి, అక్కడి గిరిజన యువకులకి గైడ్లుగా ట్రైనింగ్ ఇచ్చి మొదలుపెట్టినారు. రెండూ మంచి పనులే. కానీ ఇవి ప్రధానంగా పగటి నడకలకే. రాత్రి కొండలో ఉండాలనుకునేవాడికి మిగిలేది రెండే, డీజే పెట్టి వంద టెంట్లు వేసే ప్రైవేట్ క్యాంప్, లేకపోతే దొంగతనంగా అడవిలోకి దూరడం. నిశ్శబ్దం కోసం పోయే పిల్లలు రెండోది ఎంచుకుంటున్నారు, నాకు తెలిసిన పిల్లల్లోనే ఉన్నారు అట్లాంటివాళ్ళు, చెడ్డవాళ్ళు కాదు, అడిగితే చెప్పే దిక్కు లేక పోతున్నారు.

అమెరికాలో కూడా జనం పెరిగి చెత్త పెరిగినచోట పాత పద్ధతి మార్చినారు. కొలరాడోలో క్రెస్టెడ్ బ్యూట్ చుట్టుపక్కల ఇప్పుడు ఎక్కడపడితే అక్కడ కుదరదు, నంబర్ వేసిన గుంజ పాతిన చోటే వేసుకోవాలి. గుంజ తప్ప అక్కడ పెద్దగా ఏమీ కట్టలేదు. మనకి సరిపోయే పద్ధతి ఇదే అని నా నమ్మకం. సాంక్చురీలు, టైగర్ రిజర్వులు, ఏనుగుల దారులు వదిలేసి, రేంజ్ ఆఫీసుకి దగ్గరగా ఊరి అంచున కొన్ని జాగాలు చూడండి. కాటేజీ వద్దు, జనరేటర్ వద్దు, లైట్ల తోరణాలు వద్దు. చదును చేసిన నేల, నంబర్, రోజుకి ఇన్ని టెంట్లే అని ఒక లెక్క, మంటలకి పూర్తిగా నిషేధం, వంటకి చిన్న గ్యాస్ స్టవ్. డబ్బు ఆ ఊరి కమిటీకే పోవాలి. మారేడుమిల్లి దగ్గర వన సంరక్షణ సమితి వాళ్ళు క్యాంప్ నడుపుతున్నారు, గిరిజనుల చేతికి ఇస్తే బాగా చూసుకుంటారని అక్కడ చూడొచ్చు. లేకుంటే ఉత్తరాఖండ్ లాగా అవుతుంది, అక్కడ బుగ్యాల్ పచ్చిక మైదానాలు పాడవుతున్నాయని 2018లో హైకోర్టే రాత్రి బస వద్దనేసింది.

ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళని అడిగేది ఆ చుక్కల మ్యాప్ లాంటిది ఒకటి, కన్నడంలో, తమిళంలో, తెలుగులో, ఫోన్‌లోకి దించుకునేట్టు, ఏ నెల నుంచి ఏ నెల దాకా మంటల వల్ల మూసి ఉంటుందో దాని మీదే రాసి. మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. ఇకపైన వీకెండ్ పేజీలో ఏ కొండ ఫోటో వేసినా దాని కింద రెండు లైన్లు వేయండి, ఆ భూమి ఎవరిది, రాత్రి ఉండనిస్తారా లేదా, రేంజ్ ఆఫీసు నంబర్ ఏది. ఆ వివరం దొరకని చోటు ఫోటో వేయకుండా ఆపేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కె.ఆర్.పురం, బెంగళూరు