వార్షిక నివేదిక: వెటకారం వార్తలతో ఇంగ్లీష్ మాటలు నేర్చుకున్న ఏడాది

సభ్యులందరికీ నమస్కారం. కిందటి సర్వసభ్య సమావేశంలో మనమంతా చేతులెత్తి ఒప్పుకున్నాం కదా, ఇక పదాల లిస్టులు బట్టీ పట్టేది లేదు, రాజకీయాల మీదా ఎకానమీ మీదా వచ్చే కామెడీ వార్తలు చదువుకుంటూ ఇంగ్లీష్ మాటలు నేర్చుకుందాం అని, ఆ పని ఏడాదంతా ఎలా నడిచిందో చెప్పడమే ఈ రిపోర్టు. పద్ధతి చాలా సింపుల్. ప్రతి వారం ఎవరో ఒకరు ఒక వార్త తెస్తారు, అందరం చదువుతాం, నవ్వు రావాల్సిన చోట రాకపోతే ఆగుతాం. రాలేదంటే అక్కడ మాటైనా తెలీదు, లేదా మాట తెలిసినా వెనకున్న సంగతైనా తెలీదు. డిక్షనరీ మొదటి దానికే పనికొస్తుంది, రెండోదానికి అసలు వార్త చదవాల్సిందే, మన టైమంతా నిజానికి దీనికే పోయింది.

అందరికీ బాగా ఎక్కింది లెట్యూస్ (సలాడ్లలో వేసే ఆకుకూర) కథ. 2022 సెప్టెంబర్ 23న బ్రిటన్‌లో అప్పటి ప్రధాని లిజ్ ట్రస్ ప్రభుత్వం మినీ బడ్జెట్ పెట్టింది, పన్నులు భారీగా తగ్గిస్తాం అన్నారు గానీ ఆ లోటు ఎలా పూడుస్తారో చెప్పలేదు, దాంతో పౌండు డాలర్ మీద రికార్డు కనిష్ఠానికి పడిపోయింది, ప్రభుత్వ బాండ్లని జనం అమ్మేసుకుంటుంటే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దిగి తనే కొనాల్సొచ్చింది. అప్పుడు ఎకనమిస్ట్ పత్రిక ఆవిడ అధికారానికి లెట్యూస్‌కి ఉన్నంత షెల్ఫ్ లైఫే ఉందని ఎద్దేవా చేస్తే, డైలీ స్టార్ అనే టాబ్లాయిడ్ నిజంగానే ఒక లెట్యూస్ తెచ్చి కెమెరా ముందు పెట్టి, ఇద్దర్లో ఎవరు ఎక్కువ కాలం నిలబడతారో చూద్దాం అని లైవ్ వదిలింది. అక్టోబర్ 20న ఆవిడ రాజీనామా ప్రకటించారు, లెట్యూస్ గెలిచింది. ఈ ఒక్క వార్తలో షెల్ఫ్ లైఫ్ (పాడవకుండా ఉండే కాలం), అన్‌ఫండెడ్ (డబ్బు ఎక్కణ్ణుంచో చెప్పనిది), యూ టర్న్ (మాట మార్చి వెనక్కి తిరగడం), అవుట్‌లాస్ట్ (ఎక్కువ కాలం నిలబడటం), విల్ట్ (వాడిపోవడం) అన్నీ దొరికాయి. గిల్ట్ దగ్గర మాత్రం అందరూ తడబడ్డారు, స్పెల్లింగ్‌లో యూ ఉంటే తప్పు చేశామన్న బాధ, యూ లేకపోతే బ్రిటన్ ప్రభుత్వ బాండు. ఆ నెలలో వాళ్ళకి రెండూ ఉన్నాయిలెండి.

మాటలు పుట్టిన కథల మీద పెట్టిన సెషన్లకి కూడా జనం బాగా వచ్చారు. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ తన పార్టీకి లాభం వచ్చేలా నియోజకవర్గాలు గీసే చట్టం మీద సంతకం పెడితే, వాటిలో ఒకటి వంకరటింకరగా సాలమాండర్ (బల్లిలా ఉండే జంతువు) లా ఉందని పేపర్లో కార్టూన్ వేశారు, ఆయన పేరూ ఆ జంతువు పేరూ కలిసి జెర్రీమాండర్ అయింది, అది ఇవాళ్టికీ కోర్టు తీర్పుల్లో కనిపించే సీరియస్ మాట. బంకమ్ కూడా అంతే. 1820లో అమెరికా ప్రతినిధుల సభలో ఫెలిక్స్ వాకర్ అనే సభ్యుడు అసలు విషయంతో సంబంధం లేకుండా సాగదీస్తుంటే మిగతావాళ్ళు ఆపమని గోల చేశారు, నేను మీకోసం కాదు నా బంకమ్ కౌంటీ వాళ్ళకోసం మాట్లాడుతున్నా అన్నాట్ట, ఆ కౌంటీ పేరే సొల్లు కబుర్లకి పేరైపోయింది, డీబంక్ (సొల్లు అని బయటపెట్టడం) కూడా ఆ వంశమే. గాబుల్డీగూక్ అనే మాట 1944లో మౌరీ మావెరిక్ అనే ఆయన ఆఫీసు కాగితాల్లో అర్థంకాని భాష రాయొద్దని చెబుతూ టర్కీ కోడి అరుపు నుంచి పుట్టించాడు, ఇంకో తమాషా ఏంటంటే ఆయన తాతగారు శామ్యూల్ మావెరిక్ తన పశువులకి ముద్ర వేయించేవాడు కాదు, అందుకే గుంపులో కలవని మనిషిని, పార్టీ మాట వినని నాయకుణ్ణి మావెరిక్ అంటారు. ఒకే ఇంటి నుంచి డిక్షనరీకి రెండు మాటలు!

బడ్జెట్ సంగతి చెప్తే చాలామంది నమ్మలేదు. పాత ఫ్రెంచ్‌లో చిన్న తోలుసంచి అని అర్థం, 1733లో బ్రిటన్‌లో ప్రభుత్వాన్ని నడిపిన వాల్పోల్ తెచ్చిన ఎక్సైజ్ పన్ను ప్లాన్‌ని ఏదో నాటు వైద్యుడు సంచి విప్పుతున్నట్టు ఎగతాళి చేస్తూ ఒక కరపత్రం వచ్చింది, ప్రభుత్వ లెక్కలకి ఆ మాట అతుక్కోవడం అక్కడే మొదలు. అంటే ఆర్థిక మంత్రులు ఏటా ఎంతో గంభీరంగా పలికే మాట ఒకప్పటి జోకు.

ఎకానమీ వార్తల్లో ఇంకో రకం కామెడీ ఉంది, వాళ్ళు నవ్వించాలని రాయరు, మనకే నవ్వొస్తుంది. తగ్గిందని చెప్పడానికి నెగటివ్ గ్రోత్ అంటారు. అప్పిచ్చినవాడికి కొంత ఎగ్గొడితే హెయిర్‌కట్ అంటారు, 2012లో గ్రీస్ బాండ్లు కొన్న ప్రైవేటు వాళ్ళకి అసలులోనే 53.5 శాతం కోత పడింది, అది హెయిర్‌కట్ కాదు గుండు. కుప్పకూలిన షేరు కాస్త లేచి మళ్ళీ పడితే డెడ్ క్యాట్ బౌన్స్. 2021లో అమెరికా ఫెడ్ (వాళ్ళ కేంద్ర బ్యాంకు) ధరల పెరుగుదలని ట్రాన్సిటరీ, అంటే తాత్కాలికం, అంటూ వచ్చింది, ధరలు దిగలేదు, చివరికి నవంబర్‌లో అప్పటి ఫెడ్ చైర్మన్ పావెల్ గారే ఈ మాటకి రిటైర్మెంట్ ఇచ్చేద్దాం అన్నారు, మాట ఉద్యోగం పోగొట్టుకోవడం అంటే ఇదే. నా ఉద్దేశంలో కావాలని రాసిన జోకుల కన్నా చేదు సంగతిని మర్యాదగా చెప్పే ఇలాంటి మాటలే ముందు నేర్చుకోవాలి, ఇంటర్వ్యూల్లోనూ రిపోర్టుల్లోనూ రోజూ తగిలేవి ఇవే.

హెడ్‌లైన్ల క్లాసులు రెండు రకాలుగా ఉపయోగపడ్డాయి. స్లామ్స్ (ఏకిపారేశారు), మల్స్ (ఆలోచిస్తున్నారు), ఆక్సెస్ (axes, రద్దు చేశారు), ప్రోబ్ (విచారణ) లాంటి పొట్టి మాటలు పేపర్లో తప్ప బయట ఎవరూ అంతగా వాడరు, చదివితే తెలియాలి, ఉత్తరంలో మాత్రం రాయకూడదు. రెండోది, రెడ్ టేప్ హోల్డ్స్ అప్ న్యూ బ్రిడ్జ్ లాంటి డబుల్ మీనింగులు, ఫైళ్ళ జాప్యం వల్ల వంతెన ఆగిపోయిందనీ చదవొచ్చు, ఎర్ర టేపు వంతెనని పడకుండా పట్టుకుందనీ చదవొచ్చు. హోల్డ్ అప్ అనే ఒక్క ముక్క మీద ఆ రోజు సెషనంతా గడిచిపోయింది.

ఒక జాగ్రత్త గురించి రూల్ పెట్టుకున్నాం, వార్త తెచ్చినవాళ్ళు అది నిజం వార్తా, వెటకారం సైటుదా అని ముందే చెప్పాలి. 2012లో ది ఆనియన్ అనే అమెరికా వెటకారం పత్రిక కిమ్ జాంగ్ ఉన్‌ని బతికున్నవాళ్ళలో అతి ఆకర్షణీయమైన మగాడు అని రాస్తే, చైనాలో పీపుల్స్ డైలీ వెబ్‌సైటు అది నిజమనుకుని 55 పేజీల ఫొటోలతో వేసేసింది. అంత పెద్ద సంస్థే బోల్తా పడినప్పుడు మనమెంత.

ఇంకో రూల్ కూడా వచ్చింది, దాని మీద కొంచెం వేడి పుట్టింది. తన పార్టీ మీద జోకు పడితే కొందరికి మాట అర్థమైనా నవ్వు రాదు, చర్చ పదాల్లోంచి పార్టీల్లోకి జారిపోతుంది. అందుకని వరసగా రెండు వారాలు ఒకే పార్టీని ఏకే వార్త తేవద్దని తీర్మానించాం, అప్పట్నుంచి పర్లేదు.

టీవీ కామెడీ షోల క్లిప్పులు పెద్దగా పనిచెయ్యలేదు, స్పీడు ఎక్కువ, సబ్‌టైటిల్స్ చదివేలోపు జోకు దాటిపోతుంది. లెక్కల కాగితం ట్రెజరర్ గారు విడిగా ఇస్తున్నారు, ఆడిట్ అయింది, అందులో హెయిర్‌కట్‌లేమీ లేవు.

వచ్చే ఏడాదికి కమిటీ పెడుతున్న ప్రతిపాదన ఒకటే, చదవడంతో ఆపకుండా ప్రతి సభ్యుడూ నెలకో నకిలీ హెడ్‌లైన్ ఇంగ్లీష్‌లో సొంతంగా రాయాలి, ఆ నెల నేర్చుకున్న మాట కనీసం ఒకటి అందులో ఉండాలి, పైన వెటకారం అని స్పష్టంగా రాయాలి. దీని మీద ఓటింగ్ ఈ సమావేశంలోనే. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పండి, కాకపోతే ఫెలిక్స్ వాకర్ గారిలా సాగదీయకండి, దయచేసి.