నలభై ఎనిమిది టైర్లను వెనక్కి పంపిన సంగతి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కాంటన్‌లోని మా టైర్ల షాపులో ముందుగా డబ్బు కట్టి తేదీ తీసుకున్న పన్నెండు మందికీ, ఏటా దీపావళి ముందో వెనకో కారు తెచ్చి తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళే పాత ఖాతాదారులందరికీ ఈ విషయం నేనే చెప్పాలని రాస్తున్నాను. అక్టోబరు 26, శనివారం నాడు మీ చలికాలపు టైర్లు బిగిస్తానని మాట ఇచ్చాను. ఇవాళ 2024 నవంబరు 6. టైర్లు రాక ఆగలేదు. వచ్చిన టైర్లను నేనే వెనక్కి పంపాను.

మీ కార్లు టెస్లా మోడల్ 3 పెర్ఫార్మెన్స్, బీఎండబ్ల్యూ ఎం340ఐ, ఆడి ఎస్4, మస్టాంగ్ జీటీ వంటివి. వీటిలో చాలావాటికి ఇప్పుడున్నవి వేసవి టైర్లు. వాటి రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే ఉష్ణోగ్రత తగ్గిన కొద్దీ బిగుసుకుపోయి రోడ్డును పట్టుకోవడం మానేస్తుంది. సున్నాకు ఏడు డిగ్రీల దిగువన కారును కదిలిస్తే కొన్ని టైర్లు పగులుతాయని తయారీదారులే హెచ్చరిస్తారు. నాలుగు చక్రాలకూ శక్తి అందే కారు కదా, భయమేముందని మీలో ఇద్దరు ముగ్గురు అన్నారు. ఆ శక్తి కారు కదలడానికి పనికొస్తుంది గాని ఆగడానికి కాదు. బ్రేకు వేస్తే ఏ కారైనా నాలుగు అరచేతులంత రబ్బరు మీదే ఆగాలి.

చలికాలపు టైర్లలోనూ రెండు రకాలున్నాయి. ఒకటి గడ్డకట్టిన ఐసు మీద బాగా పట్టు ఉండే మెత్తటి రకం. దాని మీద వేగ పరిమితిని తెలిపే అక్షరం సాధారణంగా ఆర్ లేదా టీ, అంటే గంటకు 170 లేదా 190 కిలోమీటర్లు. రెండోది ఇలాంటి కార్ల కోసమే చేసినది. హెచ్, వీ అక్షరాలతో 210, 240 కిలోమీటర్ల వరకు తట్టుకుంటుంది, పొడి రోడ్డు మీద కుదురుగా ఉంటుంది, ఐసు మీద మాత్రం మొదటిదానికి సాటి రాదు. నిరుడు ఒక ఎం340ఐకి నేను మెత్తటి రకం బిగించాను. ఉప్పు చల్లి మంచు ఊడ్చిన ఐ-275 హైవే మీద రోజూ ఆఫీసుకు వెళ్ళే ఆ ఖాతాదారుడు నెల తిరగకుండానే వచ్చి, లేను మారినప్పుడల్లా జున్ను మీద నడిపినట్టు ఉందన్నారు. ఆయన మాట నిజమే గనుక నాకు ఇంకా ఎక్కువగా గుచ్చుకుంది. అందుకే ఈ ఏడాది ఊడ్చిన రోడ్ల మీద తిరిగే మీ అందరికీ వీ అక్షరం ఉన్న రకమే చెప్పాను. ఏటా సగటున 200 అంగుళాలకు మించి మంచు పడే, మన రాష్ట్రం ఉత్తర కొసనున్న కీవెనా ద్వీపకల్పం వైపు తరచుగా వెళ్ళేవారికి మాత్రం మెత్తటి రకమే మంచిదని చెప్పి, అవి వేరే చోటి నుంచి తెప్పించి ఎప్పుడో బిగించేశాను.

రిమ్ముల సంగతి మీకు తెలిసిందే. చలికాలానికి చిన్న రిమ్ములు తీసుకోమన్నాను. టెస్లాకు 20 అంగుళాల రిమ్ముకు ఎక్కే 235/35 ఆర్ 20 టైరు బదులు, 18 అంగుళాల రిమ్ముకు ఎక్కే 235/45 ఆర్ 18 పెడితే టైరు గోడ 82 మిల్లీమీటర్ల నుంచి 106కు పెరుగుతుంది, మొత్తం వ్యాసంలో నాలుగు మిల్లీమీటర్ల తేడా కూడా రాదు. ఫిబ్రవరిలో ఇక్కడి గుంతల్లో పడినప్పుడు రిమ్మును కాపాడేది ఆ గోడే. ముందు బ్రేకులు పెద్దవి కాబట్టి ప్రతి రిమ్మునూ కారుకు పెట్టి, తిప్పి, ఎక్కడా రాసుకోవడం లేదని చూసిన తరువాతే తీసుకున్నాను.

ఇక అసలు విషయం. జూలైలోనే ఆర్డరు ఇచ్చి సగం డబ్బు కట్టాను. అక్టోబరు 18 సాయంత్రం లారీ నుంచి నలభై ఎనిమిది టైర్లు దిగాయి. మోడలు సరిగానే ఉంది, కొలతలు సరిపోయాయి. మంచు మీద పట్టు పరీక్ష నెగ్గిన టైరుకు వేసే, మూడు శిఖరాల మధ్య మంచు పువ్వు గుర్తు కూడా ఉంది. (బురద, మంచు అని అర్థమిచ్చే ఎం ప్లస్ ఎస్ అనే అక్షరాలు చూసి మోసపోకండి. అవి ట్రెడ్డు, అంటే రోడ్డుకు ఆనే రబ్బరు గాళ్ళ, ఆకృతిని బట్టి వేసేవి, వాటి వెనుక ఏ పరీక్షా ఉండదు.) అలవాటు కొద్దీ ఒక టైరును బ్యాలెన్సింగ్ యంత్రానికి ఆనించి, గోడ మీది దుమ్ము గుడ్డతో తుడిచి, టార్చి వేసి చూశాను. టైరు గుర్తింపు కోసం గోడ మీద అచ్చు వేసే డాట్ నంబరు చివర 3820 అని ఉంది. అంటే 2020వ సంవత్సరం 38వ వారంలో తయారైన టైరు. రెండోదాని మీదా 3820 ఉంది. మూడోదాని మీద 4020. తేదీతో కూడిన పూర్తి నంబరు టైరుకు ఒక వైపే ఉంటుంది కాబట్టి కొన్నింటిని దొర్లించి తిప్పవలసి వచ్చింది. అన్నీ చూసేసరికి రాత్రి పదకొండయింది. నలభై ఎనిమిదింటిలో ఒక్కటి కూడా 2020 తరువాతిది కాదు.

పంపిణీదారుకు ఫోను చేస్తే, తేదీ చూసి కొనడానికి ఇవి పాల ప్యాకెట్లు కావు కదా అన్నాడు. తొమ్మిదేళ్ళుగా ఒక్క బిల్లు కూడా ఆలస్యం చేయకుండా కట్టిన నాతో ఆ మాట అన్నాడు. ఆ తరువాత టైరుకు 30 డాలర్లు తగ్గిస్తానన్నాడు. మొత్తం మీద 1,440 డాలర్లు. అతని వాదనలో పస లేదని నేను అనను. వాడని టైరు ఇన్నేళ్ళకే అమ్మరాదని అమెరికాలో కేంద్ర చట్టమేదీ లేదు. ఎండ తగలకుండా గోదాములో ఉన్న నాలుగేళ్ళ టైరును చెడిపోయిందని ఎవరూ తోసిపుచ్చలేరు. పైగా ఆ వారమే మంచు పడి ఉంటే, మీ వేసవి టైర్ల కంటే ఆ పాత టైర్లే ఎన్నో రెట్లు మేలయ్యేవి. ఈ ఒక్క కారణం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారు అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు వేసే రీట్రెడింగ్ పని చేసేవారు. టైరు రాగానే బొటనవేలి గోరు రబ్బరులోకి నొక్కి, ఆ గీత ఎంతసేపటికి పోతుందో చూసేవారు. నా దగ్గర గట్టిదనం చూపే చిన్న మీటరు ఉంది. ఇదే మోడలులో ఈ సంవత్సరం తయారైన ఒక టైరు షాపులో ఉంటే, దాని మీదా, వచ్చినవాటి మీదా పెట్టి చూశాను. పాతవి ఆరు పాయింట్లు ఎక్కువ చూపాయి. గోరూ పెట్టి చూశాను, సరిగా దిగలేదు. చలిలో మెత్తగా ఉంటుందనే కదా ఈ టైరుకు ఎక్కువ ధర ఇస్తున్నాం! ఇవాళ బిగించినా మీరు వీటిని మూడు నాలుగు చలికాలాలు వాడతారు, అప్పటికి రబ్బరు వయసు ఎనిమిదేళ్ళకు చేరుతుంది. ఆదివారం రాత్రి నిర్ణయం తీసుకుని, సోమవారం అన్నింటినీ లారీ ఎక్కించాను.

ఇక్కడ నా తప్పు ఒకటుంది. మిమ్మల్ని అడగలేదు. ధర తగ్గించి, తేదీ చూపించి, ఇష్టమైనవారికి ఆ టైర్లే బిగించి ఉండవచ్చు కదా అని మీలో ఒకరు ఫోనులో అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. అడిగి ఉంటే సగం మంది సరేననేవారని నాకు తెలుసు. అలా సరేనంటారనే అడగలేదేమో. ఇందులో నా పంతం కొంత ఉంది, దాన్ని మీ క్షేమం పేరు చెప్పి కప్పిపుచ్చను.

వేరే పంపిణీదారు నుంచి అదే మోడలు టైర్లు ఈ నెల 14న వస్తున్నాయి. ఈసారి లారీ ఎక్కించక ముందే తేదీల ఫొటోలు తెప్పించుకున్నాను, అన్నీ 2024లో తయారైనవే. టైరుకు 22 డాలర్లు ఎక్కువైంది, అది నేనే పెట్టుకుంటాను. 16న ఐదు కార్లు, 17న ఐదు కార్లు బిగిస్తాను. టైరును రిమ్ముకు ఎక్కించే ముందు నాలుగింటి తేదీలూ మీ కళ్ళతో మీరే చూసుకోండి. ఆగలేమనుకునేవారికి కట్టిన డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాను. అప్పటివరకు తెల్లవారుజామున అద్దం మీద మంచు పొర కనిపిస్తే మాత్రం కారు బయటికి తీయకండి. ఇంట్లో మరో కారు లేనివారు ముందు రోజు రాత్రి నాకు చెబితే, పొద్దున్నే నా వ్యానులో ఆఫీసుకు దింపుతాను. టైర్లలో గాలి కూడా ఒకసారి చూసుకోండి. పది ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గితే గాలి ఒత్తిడి దాదాపు ఒక పీఎస్‌ఐ పడిపోతుంది.

పన్నెండు మందిలో ఇద్దరు ఇప్పటికే వేరే చోటికి వెళ్ళి, తమ 20 అంగుళాల రిమ్ముల మీదే టైర్లు బిగించుకున్నారు. గంటలో పని అయిపోయిందని ఒకరు ఫోను చేసి మరీ చెప్పారు. ఆ టైర్ల తేదీ ఎంత ఉందని అడగబోయి ఊరుకున్నాను. వారిద్దరూ నా దగ్గర కొన్న 18 అంగుళాల రిమ్ములు వెనుక గదిలో, గుడ్డ చుట్టి, పేర్లు రాసి ఉంచాను. వచ్చి తీసుకువెళ్ళినా సరే, వచ్చే ఏడాది వరకు అక్కడే ఉన్నా సరే, వాటికి అద్దె ఏమీ లేదు.